స్పార్కు ప్లగ్గులు మార్చుటకు తగిన పనిముట్లు

సేద్యగానికి పనిముట్టు విలువను వేరుగా బోధింప నక్కరలేదు. దున్నుటకు మడక, విత్తుటకు గొర్రు, కలుపు కోయుటకు గుంటక అని ప్రతి పనికిని తగిన పనిముట్టును మన పెద్దలు నిర్ణయించియున్నారు. గొర్రుతో చేయవలసిన పనిని మడకతో చేయబూనువాడు రాయచోటి సీమలో ఏ పల్లెయందును కానరాడు. కాని అట్టి రైతే తన కారునకో, మోటారు సైకిలునకో, మందు చల్లు యంత్రమునకో స్పార్కు ప్లగ్గు మార్చవలసివచ్చినపుడు చేతికందిన పానాను తీసికొని పనికి దిగుచున్నాడు. అందుచేత కొద్దిపాటి ఖర్చుతో తీరవలసిన పని కొన్ని సందర్భములలో ఇంజను తలనే విప్పవలసిన స్థితికి వచ్చుచున్నది. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడెనన్న సామెత ఈ పనికి సరిగా వర్తించును. కావున ఏ ప్లగ్గునకు ఏ పానా తగును, దాని నెట్లు ఎన్నుకొనవలెను, ఎంత బలముతో బిగింపవలెను అను విషయములను మన సభ్యుల ఉపయోగార్థము ఇందు వివరింపనైనది.

మన ప్రాంతమున దీని అవసరము

రాయచోటి మెట్టసీమ. వానను నమ్మి వేరుసెనగ వేయువారును, బోరునీటితో మామిడి తోటలు, టమాటా పెంచువారును ఇచ్చట అధికముగ నున్నారు. కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోయి కష్టించి నాలుగు రూకలు కూడబెట్టి వచ్చినవారును అనేకులు కలరు. ఈ కుటుంబములలో నేడు పెట్రోలు కారుండుట వింత కాదు. కొత్తది కొనలేనివారు ఒకరిద్దరు వాడి విడిచిన పాత కారునైనను కొనుచున్నారు. ఆ కారు కేవలము విలాసవస్తువు కాదు. రాత్రివేళ రోగిని కడపకు చేర్చవలసినచో అదియే ఆధారము.

రాయచోటి నుండి కడపకు సుమారు 50 కిలోమీటర్లు. నడుమ గువ్వలచెరువు కనుమ ఎక్కి దిగవలెను. ఇంటివద్ద చక్కగా తిరుగుచున్న ఇంజను ఆ కనుమ ఎక్కునప్పుడే దడదడలాడి, గుటకలు మ్రింగినట్లు ఆగి ఆగి నడచుట చాలమంది అనుభవములోని విషయమే. అట్టి బాధకు కారణములు పెక్కు ఉండవచ్చును గాని, మొట్టమొదట చూడదగినదియు, తక్కువ ఖర్చుతో చక్కబెట్టదగినదియు స్పార్కు ప్లగ్గే.

ఇంకొక సంగతి. ట్రాక్టరుకును, డీజిలు జీపునకును, డీజిలు పంపునకును స్పార్కు ప్లగ్గుండదు. డీజిలు ఇంజనులో గాలి మిక్కిలి ఒత్తిడికి లోనై తనంతట వేడెక్కగా, ఆ వేడికే నూనె మండును. కొన్ని డీజిలు బండ్లలో నుండు గ్లో ప్లగ్గు చలివేళ ఇంజను మొదలిడుటకు సాయపడు వేడితీగయే గాని నిప్పురవ్వ పుట్టించునది కాదు. కావున ఈ వ్యాసములో చెప్పినది పెట్రోలు కార్లకు, మోటారు సైకిళ్లకు, పెట్రోలుతో నడచు చిన్న పంపులకు, మందు చల్లు యంత్రములకు, గడ్డి కోయు యంత్రములకు మాత్రమే వర్తించును.

ప్లగ్గు చేయు పని

కారు బ్యాటరీలో నుండునది 12 వోల్టుల విద్యుత్తు మాత్రమే. కాయిలు అను సాధనము దానిని అనేక వేల వోల్టులకు పెంచి ప్లగ్గునకు పంపును. ప్లగ్గు క్రింది కొన యందు రెండు లోహపు మొనలకు నడుమ సుమారు ఒక మిల్లీమీటరో, అంతకు కొంచెము తక్కువో సందుండును. విద్యుత్తు ఆ సందును దాటునప్పుడు రవ్వ పుట్టి పెట్రోలు ఆవిరిని అంటించును. చుట్టునున్న తెల్లని పింగాణీ విద్యుత్తు ప్రక్కదారి పట్టకుండ కాపాడును.

ఈ చిన్న వస్తువు ఎంత పని చేయునో లెక్క వేసి చూడుడు. ఇంజను నిమిషమునకు 2,500 సార్లు తిరుగునప్పుడు ప్రతి ప్లగ్గును నిమిషమునకు 1,250 పర్యాయములు రవ్వ నీయవలెను. రాయచోటి నుండి కడపకు గంటంబావు పట్టిన యెడల ఒక్కొక్క ప్లగ్గు 90,000 పర్యాయములకు పైగా మెరసియుండును. ప్రతి మెరుపుతోను మొన అణువంత అరుగును. అరిగినకొలది సందు పెరుగును. సందు పెరిగినచో దానిని దాటుటకు విద్యుత్తునకు ఎక్కువ ఒత్తిడి కావలెను. చదునైన దారిలో ఎట్లో దాటును. కనుమ ఎక్కునప్పుడు సిలిండరులో గాలియు ఆవిరియు మరింత బిగువుగ నొత్తబడును గనుక రవ్వ దూకుట ఇంకను కష్టమగును. అందుచేతనే ప్లగ్గు లోపము ఇంటివద్ద దాగియుండి కనుమలో బయటపడుచున్నది.

సాధారణమైన నికెలు మొన గల ప్లగ్గులు త్వరగా అరుగును. ప్లాటినము, ఇరీడియము మొనలు గలవి వానికంటె కొన్ని రెట్లు ఎక్కువకాలము నిలుచును. ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెనను సంగతి బండితో వచ్చిన పుస్తకములో వ్రాయబడియుండును. దాని ననుసరించుట ఉత్తమము.

ప్లగ్గును కొలుచుట

పానాను ఎన్నుకొనుటకు ముందు ప్లగ్గును గూర్చి రెండు కొలతలు తెలియవలెను. ఒకటి క్రింది మరల వ్యాసము. రెండవది పానా పట్టు ఆరుమూలల తల వెడల్పు. జనులు తరుచుగా ఈ రెంటిని ఒకటిగా భావించి పొరబడుచుందురు. “14 ప్లగ్గు” అని చెప్పగానే 14 పానా తెచ్చుట ఈ పొరపాటు వలననే. 14 మిల్లీమీటర్ల మర గల ప్లగ్గుకు తల 21 ఉండవచ్చును, 19 ఉండవచ్చును, 16 ఉండవచ్చును, కొన్ని కొత్త రకములలో 14 సయితము ఉండవచ్చును.

మన ప్రాంతమున తరుచుగా కనబడు తలల కొలతలు ఇవి:

21 మిల్లీమీటర్లు: పాత కాలపు ఇంజనులలోని 14 మిల్లీమీటర్ల మర ప్లగ్గులకు. సరిగా చెప్పిన 20.8. అంగుళపు పానాలలో దీనికి 13/16 సరిపడును.
19 మిల్లీమీటర్లు: మందు చల్లు యంత్రములలోను, గడ్డి కోయు యంత్రములలోను వాడు పొట్టి ప్లగ్గులకు.
18 మిల్లీమీటర్లు: 12 మిల్లీమీటర్ల మర గల కొన్ని మోటారు సైకిలు ప్లగ్గులకు.
16 మిల్లీమీటర్లు: అనేకములైన నేటి కార్ల ప్లగ్గులకు, 10 మిల్లీమీటర్ల మర గల మోటారు సైకిలు ప్లగ్గులకు. అంగుళపు పానాలలో దీనికి 5/8 సరిపడును.
14 మిల్లీమీటర్లు: కొన్ని కొత్త కార్ల సన్నని ప్లగ్గులకు. వీనిలో కొన్నింటి తలకు ఆరు మూలలకు బదులు పండ్రెండు మూలలుండును. అట్టివానికి పలుచని గోడ గల పండ్రెండు మూలల సాకెట్టే కావలెను. ఆరు మూలల సాకెట్టు వానిపై కూర్చుండదు.

ప్లగ్గుపై ముద్రించిన అక్షరములును కొంత చెప్పును. ఉదాహరణమునకు, చిన్న పంపులకు తరుచుగా వాడు హోండా జీఎక్స్ 160 ఇంజనునకు ఎన్‌జీకే వారి ప్లగ్గు “బీపీఆర్ 6 ఈఎస్”. ఇందు మొదటి “బీ” 14 మిల్లీమీటర్ల మరను, 20.8 తలను తెల్పును. “ఆర్” అనగా రేడియోకు, విద్యుత్ పరికరములకు అలజడి కలుగకుండ లోపల నిరోధకము అమర్చబడినది. “6” అనునది వేడి తరగతి. “ఈ” అనగా మరభాగపు నిడివి 19 మిల్లీమీటర్లు. అదే కంపెనీవారి ప్లగ్గుపై “బీపీఎమ్” అని యున్న తల 19. “సీ” తో మొదలైన మర 10, తల 16. “డీ” తో మొదలైన మర 12, తల 18. ఇతర కంపెనీల గుర్తులు వేరుగ నుండును. వేడి తరగతి సంఖ్య విషయమున జాగ్రత్త వహింపవలెను. ఎన్‌జీకే ప్లగ్గులలో సంఖ్య పెరిగినకొలది ప్లగ్గు చల్లనిది; బాష్ ప్లగ్గులలో సంఖ్య పెరిగినకొలది వేడిది. కావున ఒక కంపెనీ సంఖ్యను మరియొక కంపెనీ సంఖ్యతో పోల్చి కొనరాదు.

బాష్ ప్లగ్గులను మన మెకానిక్కులలో పెద్దవారు నేటికిని మైకో ప్లగ్గులనియే పిలుచుచుందురు. 1951లో బెంగుళూరున స్థాపింపబడిన మోటారు ఇండస్ట్రీస్ కంపెనీకి అది సంక్షేపనామము. 2008లో ఆ కంపెనీ బాష్ లిమిటెడ్ అని పేరు మార్చుకొనెను.

మర నిడివి కూడ ముఖ్యమే. కావలసినదానికంటె పొడవైన ప్లగ్గు లోపలికి చొచ్చి పిస్టనుకు తగులవచ్చును. పొట్టిదైనచో మిగిలిన మరలలో మసి పేరుకొని, పిదప సరియైన ప్లగ్గు ఎక్కకుండ పోవును.

పానాల మంచి చెడ్డలు

స్క్రూ పానాయు, పట్టుకారును: ఇవి ఈ పనికి బొత్తిగా పనికిరావు. దవడలు వదులై జారి ఆరు మూలలను గుండ్రముగ చేయును. ప్రక్కకు లాగినప్పుడు పింగాణీ చిట్లును. పింగాణీలోని సన్నని పగులు కంటికి కనబడకపోవచ్చును; కాని విద్యుత్తు ఆ పగులు వెంట బయటికి పోయి రవ్వ నశించును. కొత్త ప్లగ్గు వేసినను కారు దడదడలాడుటకు ఇదియొక కారణము.

రింగు పానా: ప్లగ్గు బయటికి కనబడుచు, చుట్టును చోటున్నప్పుడు మాత్రమే కొంతవరకు పనికివచ్చును. పాత అంబాసిడరు కారులో నాలుగు ప్లగ్గులును ఇంజను ప్రక్కనే వరుసగ కనబడుచుండెను. నేటి కార్లలో ప్లగ్గులు ఇంజను తలపై లోతైన గుంటలలో నుండును. ఆ లోతునకు రింగు పానా దిగదు.

గొట్టపు పానా: మోటారు సైకిలుతోను, చిన్న యంత్రములతోను కంపెనీవారు ఇచ్చు పానా ఇదియే. గొట్టపు కొన ఆరు మూలలుగ నొక్కబడి, పై భాగమున అడ్డుకడ్డీ దూర్చుటకు రంధ్రముండును. వెల తక్కువ, సంచిలో ఇముడును, పొలమువద్ద అక్కరకు వచ్చును. దీని లోపములు రెండు. రేకు పలుచనైనచో కొన విచ్చుకొని మూలలను తినివేయును. అడ్డుకడ్డీని ఒక ప్రక్కనే లాగినచో గొట్టము వాలి పింగాణీని నొక్కును. కావున కడ్డీని రెండు చేతులతో రెండు ప్రక్కల పట్టి సమముగ త్రిప్పవలెను. కొన విచ్చిన గొట్టమును దాచుకొనక పారవేయుటయే లాభము.

ప్లగ్గు సాకెట్టు: కారునకు తగిన సాధనము ఇదియే. ఇది సామాన్యమైన సాకెట్టుకంటె పొడవుగ నుండి పింగాణీ మొత్తమును తనలో ఇముడ్చుకొనును. లోపల రబ్బరు ఉంగరము గాని అయస్కాంతము గాని యుండి ప్లగ్గును జారకుండ పట్టుకొనును. లోతైన గుంటలో నుండి ప్లగ్గును పైకి తీయుటకును, కొత్తదానిని క్రింద పడవేయక దింపుటకును ఈ పట్టు ఆవశ్యకము. సాకెట్టు కొనునప్పుడు పాత ప్లగ్గు నొకదానిని వెంట తీసికొనిపోయి, దానిపై తొడిగి చూచి కొనుడు. తలపై ఊగులాడకుండ కూర్చుండవలెను. తల్లక్రిందులుగ పట్టినను ప్లగ్గు జారిపడరాదు. గోడ మందమై గుంటలో దిగకపోరాదు. సాధారణమైన ఆరు మూలల తలకు ఆరు మూలల సాకెట్టే మేలు. అది మూలలపై గాక ప్రక్కలపై ఒత్తిడి చూపును గనుక తల చెడదు.

పొడుగు కడ్డీ, రాచెట్టు పిడి: గుంటలోతును బట్టి 6 లేక 10 అంగుళముల పొడుగు కడ్డీ కావలెను. ఈ పనికి 3/8 అంగుళపు చదరపు కొన గల పిడి, కడ్డీ చాలును. 1/2 అంగుళపు పెద్ద పిడి లారీ పనికి మంచిదే గాని, ప్లగ్గు విషయమున దాని పొడవే ప్రమాదహేతువు. గోటితో పోవుదానికి గొడ్డలి ఏల? పొడుగు కడ్డీనుండి సాకెట్టు ఊడి గుంటలోనే మిగిలిపోవుట కద్దు. అందుచేత రెంటికిని నడుమ పట్టు గట్టిగ నున్నదో లేదో ముందే చూచుకొనవలెను. ప్లగ్గు వాలుగ నున్న ఇంజనులకు వంగుడు కీలు గల కడ్డీ ఉపయోగపడును. తిన్నగ దిగు చోట దానిని వాడరాదు.

సందు కొలుచు తీగ గేజి: సన్నని తీగలతో గాని రేకులతో గాని చేయబడి, ఒక్కొక్కదానిపై కొలత ముద్రించియుండును. సందు పుస్తకములో చెప్పిన కొలతకు తగియుండవలెను. పైన చెప్పిన జీఎక్స్ 160 ఇంజనునకు 0.7 మొదలు 0.8 మిల్లీమీటర్ల సందు కావలెను. సాధారణమైన ప్లగ్గులో సందును సరిచేయవలసినచో ప్రక్క మొననే మెల్లగ వంపవలెను. నడిమి మొనను తాకరాదు. ఇరీడియము ప్లగ్గు నడిమి మొన అర మిల్లీమీటరు ప్రాంతపు సన్నని తీగవంటిది. నాణెము వలె గుండ్రముగ నుండు గేజిని అందులో దూర్చి త్రిప్పినచో అది విరుగును. ఇనుప బ్రష్షుతో తోముటయు తగదు. క్రిందపడిన ప్లగ్గును తిరిగి వాడకుండుటయే క్షేమము.

బిగించు బలము, దానిని కొలుచు పానా

ఈ వ్యాసమున మేము ముఖ్యముగ హెచ్చరింపగోరినది ఈ విషయమునే. నేటి ఇంజను తల అల్యూమినియముతో చేయబడినది; ప్లగ్గు మర ఉక్కుది. మెత్తని లోహములో గట్టి లోహమును అతిబలముతో త్రిప్పినచో మెత్తనిదే చెడును. చెడునది ప్లగ్గు కాదు, ఇంజను తల. ప్లగ్గు పోయినచో మరియొకటి కొనవచ్చును. తలలోని మరలు పోయినచో దానిని విప్పి, రంధ్రమును పెద్దదిగ తొలిచి, తీగచుట్టు వంటి కొత్త మరను అమర్చవలసివచ్చును. లేదా తలనే మార్చవలసివచ్చును.

వాషరు గల ప్లగ్గులకు, అల్యూమినియము తలపై, సాధారణముగ వాడు బిగింపు బలము ఇది: 14 మిల్లీమీటర్ల మరకు 25 మొదలు 30 న్యూటను మీటర్లు, 12 మిల్లీమీటర్ల మరకు 15 మొదలు 20, 10 మిల్లీమీటర్ల మరకు 10 మొదలు 12. బండి పుస్తకములో వేరు అంకె యున్నచో దానినే గ్రహింపవలెను. న్యూటను మీటరనగా ఏమో తెలియుటకు ఒక పోలిక చెప్పెదము. పావు మీటరు పొడవు గల పిడి కొనయందు 10 కిలోల బరువు వ్రేలాడదీసినచో సుమారు 25 న్యూటను మీటర్ల బలము కలుగును. పది కిలోలనగా నీరు నిండిన ఒక బకెట్టు బరువు. ఇనుప గొట్టము తొడిగి పిడిని పొడుగు చేసి, ఒళ్లంతయు బిగబట్టి లాగు మనుష్యుడు ఇంతకు ఎన్ని రెట్లు చూపునో మీరే ఊహింపవచ్చును.

ఈ బలమును కొలుచుటకే టార్కు పానా ఉన్నది. పిడిపై కావలసిన అంకెను నిలిపి త్రిప్పగా, ఆ బలము చేరినంతనే “టక్కు” మని శబ్దమగును. అంతట ఆపవలెను, మరల లాగరాదు. కొనునప్పుడు దాని క్రింది హద్దును చూడుడు. చక్రముల నట్లకు వాడు పెద్ద టార్కు పానాలలో కొన్ని 40 న్యూటను మీటర్లకు పైననే మొదలగును. అట్టిది ప్లగ్గునకు పనికిరాదు. 10 మొదలు 50 లేక 60 వరకు కొలుచునది మన కార్లకును, మోటారు సైకిళ్లకును సరిపోవును. పని ముగియగానే అంకెను అట్టడుగునకు త్రిప్పి ఉంచినచో లోని స్ప్రింగు చెడక కొలత నిలుచును.

టార్కు పానా లేనివారు నిరాశపడ నక్కరలేదు. ప్లగ్గును వ్రేళ్లతోనే వాషరు ఆనువరకు బిగించి, ఆపై పానాతో కొత్త వాషరు గలదానిని సుమారు అర చుట్టు త్రిప్పవలెను. ఇదివరకు వాడిన వాషరు నలిగియే యుండును గనుక చుట్టులో పండ్రెండవ వంతు చాలును. అనగా గడియారములో పెద్దముల్లు 5 నిమిషములలో నడచునంత మాత్రమే. వాషరు లేక గంటువలె కోణముగ నుండు అడుగు గల ప్లగ్గులకు చుట్టులో పదునారవ వంతునకు మించరాదు. ఈ మూడవ రకమునందే ఎక్కువ తలలు చెడుచుండును. ఏలయనగా వాషరు నలుగుట అను మెత్తదనము చేతికి తెలియదు.

మరలకు గ్రీజు, నూనె పూయు అలవాటు కొందరికి కలదు. పూతపూసిన మరలు గల నేటి ప్లగ్గులకు అది అక్కరలేదు. జారుడు కలిగిన మరపై అదే అంకెకు త్రిప్పినను బిగింపు ఎక్కువై చుట్లు తెగును.

ఇంటనున్న చిన్న సాధనములు

దుకాణములో కొననక్కరలేని సాధనములు రెండు కలవు. మొదటిది సైకిలు పంపు. మన దారుల దుమ్మును, చిన్న రాళ్లును ప్లగ్గు గుంటలో చేరియుండును. ప్లగ్గు తీయగానే అవి సిలిండరులో పడి గోడలను గీయును. పంపుతో గుంటలోనికి గాలి కొట్టి దుమ్మును వెడలగొట్టిన పిమ్మటనే ప్లగ్గును తీయవలెను. అప్పుడు కంటిలో దుమ్ము పడకుండ ముఖమును ప్రక్కకు త్రిప్పుకొనుడు.

రెండవది జానెడు రబ్బరు గొట్టము. పెట్రోలు గొట్టపు ముక్క యైనను సరియే. దానిని ప్లగ్గు పైకొనకు తొడిగి, గుంటలో దింపి, వ్రేళ్లతో త్రిప్పవలెను. మర సరిగా కలిసినచో ప్లగ్గు సులువుగ దిగును. వంకరగ పట్టినచో గొట్టమే జారి తిరుగును గాని మరను చెరుపదు. వెల లేని ఈ ముక్క వేల రూపాయల తలను కాపాడును.

పని వరుస

1. ఇంజను పూర్తిగ చల్లారువరకు ఆగుడు. కాగిన అల్యూమినియమునుండి ప్లగ్గు తీసినచో మరలు దానితో కూడ ఊడివచ్చు భయము కలదు. మన ఎండకాలములో తెల్లవారుజామున ఈ పని చేయుట అన్నివిధముల శ్రేయస్కరము.

2. తాళము తీసి, దగ్గర నిప్పు లేకుండ చూచుకొనుడు. ఒక్కొక్క తీగకు సంఖ్య వ్రాసిన కాగితపు ముక్క కట్టుడు. పాత మారుతి 800 వంటి మూడు సిలిండర్ల కారులోనైనను తీగలు తారుమారైన యెడల ఇంజను సరిగ నడవదు. తీగను పట్టి లాగక టోపీని పట్టి తీయవలెను. కొత్త కార్లలో ప్రతి ప్లగ్గుపైనను కాయిలే కూర్చుండియుండును. దాని విద్యుత్ గొళ్లెమును నొక్కి విడదీసి, చిన్న బోల్టును విప్పి, తిన్నగ పైకి తీయుడు.

3. గాలి కొట్టి, ప్లగ్గును ఒక్క చుట్టు మాత్రము వదులు చేసి, మరల గాలి కొట్టి, పిమ్మట పూర్తిగ తీయుడు. వదులగుట లేదని మొండిబలము చూపకుడు. తుప్పు విడిపించు నూనె రెండు చుక్కలు వేసి కొంతసేపు ఆగి, అటునిటు కొద్దికొద్దిగ కదుపుడు. అప్పటికిని రాకున్నచో మెకానిక్కును పిలుచుట అవమానము కాదు.

4. తీసిన ప్లగ్గులను వరుసగ పెట్టి మొనలు చూడుడు. లేత గోధుమ లేక బూడిద వన్నె యున్నచో ఇంజను ఆరోగ్యముగ నున్నది. పొడి మసి పట్టియున్నచో పెట్రోలు ఎక్కువైనది, లేదా గాలి జల్లెడ దుమ్ముతో మూసికొనిపోయినది. మన ప్రాంతమున ఈ రెండవ కారణమును ముందు చూడవలెను. తడి నూనె జిడ్డున్నచో లోపల ఇంజను నూనె ఎక్కుచున్నది. మొన తెల్లబారి బొబ్బలెక్కియున్నచో వేడి మితిమీరినది, లేదా ప్లగ్గు వేడి తరగతి తప్పినది.

5. కొత్త ప్లగ్గును వ్రేళ్లతో ఎక్కించుడు. మొదట ఎడమకు కొంచెము త్రిప్పగా మర మొదలు కలిసినచోట చేతికి చిన్న కుదుపు తెలియును. అచ్చటినుండి కుడికి త్రిప్పుడు. రెండు మూడు చుట్లు వ్రేళ్లతో పోకున్నచో వెనుకకు తీసి మరల మొదలుపెట్టుడు. పానాను తొందరపడి పట్టువాడే మరను చెరుపును.

6. చెప్పిన బలముతో బిగించి, తీగలను వాని వాని సంఖ్యలకు తగిలించి, ఇంజనును నడిపి చూడుడు.

సంఘము చేయదగిన పని

పైన చెప్పిన పనిముట్లన్నియు ప్రతి ఇంటను కొనుట వృథావ్యయము. ఒక కారునకు ఈ పని అరుదుగ తటస్థించును. తక్కిన కాలమంతయు టార్కు పానా అటుకపై తుప్పుపట్టును. వెలకు వెరచి ఎవరును కొననిచో, అందరును చేతికందిన పానాతోనే పని కానిత్తురు. ఒంటరివానికి భారమైనది పదిమందికి తేలిక యగుటయే గదా సహకారము! కావున ఊరి సహకార సంఘము ఒక పనిముట్ల పెట్టె నుంచుట యుక్తమని తోచుచున్నది.

అందు 14, 16, 18, 19, 21 మిల్లీమీటర్ల ప్లగ్గు సాకెట్లు, 3/8 అంగుళపు రాచెట్టు పిడి, పొడుగు కడ్డీలు రెండు, వంగుడు కీలొకటి, 10 మొదలు 60 వరకు కొలుచు టార్కు పానా, తీగ గేజి, చేతిదీపము, రబ్బరు గొట్టపు ముక్క ఉండిన చాలును. పెట్టె మూతకు లోపల వస్తువుల పట్టిక అంటింపవలెను. తీసికొనువారు పుస్తకములో చేవ్రాలు చేసి, తిరిగి ఇచ్చునప్పుడు పట్టికతో సరిచూచి అప్పగింపవలెను. టార్కు పానాను ప్లగ్గు బిగించుటకు మాత్రమే వాడవలెను. మొండినట్లు విప్పుటకు వాడినచో దాని కొలత తప్పును. తప్పిన కొలత లేని కొలతకంటె కీడు, ఏలయనగా దానిని నమ్మి మోసపోవుదుము.

దీనితోబాటు ప్రతి సభ్యుని బండికి ఒక చీటి వ్రాసి పెట్టెలో నుంచవలెను. బండి పేరు, ప్లగ్గు సంఖ్య, తల కొలత, మొనల సందు, బిగింపు బలము, మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు అను ఏడు విషయములు అందుండిన చాలును. మొదటిసారి పుస్తకము చూచి వ్రాయు శ్రమయే గాని, తరువాత ఎవరును ఊహించి పానా పట్టవలసిన పని యుండదు. దుకాణమునకు పోయినవాడును ఆ చీటి చూపి సరియైన ప్లగ్గును అడిగి తెచ్చుకొనగలడు.

ఇంజను పని అంతయు రైతు నేర్వవలెనని మా అభిప్రాయము కాదు. నేర్పరియైన మెకానిక్కు చేయవలసిన పనులు వేరుగ కలవు. అయినను ప్లగ్గు మార్చుట ఓర్పు గల ఏ సేద్యగానికైనను సాధ్యమే. తలకు సరిపోవు సాకెట్టు, చల్లారిన ఇంజను, శుభ్రమైన గుంట, వ్రేళ్లతో మొదలిడిన మర, కొలిచిన బిగింపు అను అయిదింటిని పాటించినవానికి ఈ పనిలో నష్టము కలుగదు. అవసరము వచ్చిన రాత్రి గువ్వలచెరువు కనుమలో అతని బండి నడుమ నిలువకుండుటకు ఈ శ్రద్ధ చాలవరకు తోడ్పడును. సభ్యులు తమ బండ్ల ప్లగ్గు వివరములను ఈ నెలలోనే వ్రాసి, రాబోవు సమావేశమున పనిముట్ల పెట్టెను గూర్చి ఆలోచింతురుగాక.